ఆ నవలను ఆ పిల్ల చేతిలోనుంచి లాక్కోవలసింది కాదు

ఈ సాయంత్రం విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దుకాణం దగ్గర ఒక తండ్రి, ఇంటర్ చదివే కూతురి చేతిలోనుంచి 'ది హంగర్ గేమ్స్' నవలను లాక్కుని, "పిల్లలు పిల్లల్ని చంపుకునే కథ నీకెందుకమ్మా, ఎంసెట్ పుస్తకాలు చూడు" అంటూ తిరిగి దొంతరలో పడేశారు. ఆ అమ్మాయి మారు మాట్లాడలేదు. నేనూ నోరు విప్పలేదు. ఆ బాధతోనే ఇంటికి వచ్చీ రాగానే ఇది రాస్తున్నాను.

అయ్యా, అది చంపుకోవడాన్ని వినోదంగా ప్రసారం చేసే టీవీ గురించి, దాన్ని కన్నార్పకుండా చూసే జనం గురించి రాసిన కథ. చానళ్లు మారుస్తుండగా ఒకచోట రియాలిటీ పోటీ, మరొకచోట ఇరాక్ యుద్ధ దృశ్యాలు కనబడి, రెండూ కలగలిసిపోయినట్టు తోచడంతో ఈ ఊహ పుట్టిందని రచయిత్రి సుజాన్ కాలిన్స్ చెప్పారు. 2008లో వచ్చిన ఆ నవలలో 24 మంది పిల్లలు బరిలోకి దిగే ముందు అలంకరించుకుని ఇంటర్వ్యూలు ఇస్తారు. చూసేవాళ్లు మెచ్చితేనే స్పాన్సర్లు మందులు పంపుతారు కనుక కథానాయిక కాట్నిస్ ప్రేమను నటించవలసి వస్తుంది. ఈ వరుసలో వచ్చిన మూడో నవలలో తిరుగుబాటుదారులు కూడా ఆమెను కెమెరా ముందు నిలబెట్టి ప్రచార చిత్రాలే తీస్తారు. ఇంత సూటిగా చెప్పిన పుస్తకాన్ని దూరం పెట్టి, రాత్రిపూట టీవీలో పసివాళ్లు ఎలిమినేషన్‌కు ఏడుస్తుంటే ఇంటిల్లిపాదీ కూర్చుని చూడడం పిల్లలను కాపాడుకోవడం ఎలా అవుతుంది?

నాకీ కోపం ఇవాళ్టిది కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు మేము మేడ మీద ఉన్నాము. పడవలో వచ్చిన ఒక చానల్ మనిషి, మంచినీళ్ల కోసం ఏడుస్తున్న పక్కింటి మామ్మగారిని "ఇందాకటిది సరిగా రాలేదమ్మా, ఇంకొక్కసారి చెప్పండి" అని అడిగాడు. ఏడిస్తేనే నీళ్లు వస్తాయని నమ్మి, ఆవిడ మళ్లీ ఏడ్చారు. కాట్నిస్ నటించే పేజీలు చదివినప్పుడల్లా నాకు ఆవిడ ముఖమే కనిపిస్తుంది.

మర్నాడు నడుం లోతు నీళ్లలో ఎవరో కుర్రవాడు వచ్చి, మేము వదిలిన తాడుకు పులిహోర పొట్లాలు కట్టి, పేరు అడిగేలోపే పక్క వీధిలోకి వెళ్లిపోయాడు. అది ఏ చానల్‌లోనూ రాలేదు. నవలలోనూ అంతే: బరిలో చనిపోయిన 11వ జిల్లా చిన్నారి రూ దేహాన్ని కాట్నిస్ పూలతో కప్పుతుంది; తరువాత వేసిన ముఖ్యాంశాల ప్రసారంలో ఆ పూలను కత్తిరించేస్తారు. అయినా తమకే తిండి చాలని 11వ జిల్లా పేదలు, రూను సాగనంపినందుకు, తమది కాని జిల్లా పిల్లకు రొట్టె పంపుతారు.

ఆ అమ్మాయిని కనీసం ఆ రొట్టె దాకా చదవనివ్వవలసింది.