చిరుతని పట్టి అడవిలో వదిలేస్తే సరిపోతుందా? ఆ ఫార్వర్డ్‌ని నమ్మితే ప్రాణాలకే ముప్పు

ఊళ్ళోకి చిరుత వచ్చినట్టు సీసీ కెమెరా వీడియో ఒకటి బయటికొచ్చిందంటే చాలు, దాని వెనకాలే ఈ మెసేజ్ తిరగడం మొదలవుతుంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: దారి తప్పి ఊళ్ళోకొచ్చిన జంతువు మనుషుల్ని తినడానికే వస్తుంది, ఒకసారి మనిషి రక్తం రుచి చూస్తే ఇక వదలదు, వెంటనే మత్తు ఇంజక్షన్ కొట్టి పట్టుకుని దూరంగా అడవిలో వదిలేస్తే పీడ విరగడవుతుంది, ఈలోపు ఎదురుపడితే పరుగు తియ్యండి, ఎలుగుబంటి అయితే చచ్చినట్టు పడుకోండి. చదివితే అన్నీ సబబుగానే అనిపిస్తాయి, అందుకే నాకు భయం. ఒక్కో మాటా తీసుకుని చెప్తాను.

ముందు, దారి తప్పి మనుషుల కోసం వచ్చింది అన్న మాట. చాలాసార్లు అది దారి తప్పి రాలేదు, ఎప్పట్నుంచో అక్కడే ఉంటోంది, మన కంట పడింది మాత్రం ఇప్పుడే. మహారాష్ట్రలోని అకోలే దగ్గర విద్యా ఆత్రేయ అనే శాస్త్రవేత్త బృందం పొలాలూ ఇళ్ళూ కలిసున్న చోట కెమెరాలు పెట్టి చూస్తే 100 చదరపు కిలోమీటర్లకి దాదాపు 5 పెద్ద చిరుతలు తేలాయి, అక్కడ జనం చూస్తే చదరపు కిలోమీటరుకి 300 మంది పైనే. వాటి పెంటికలు పరీక్ష చేస్తే తిన్నదాంట్లో బరువు లెక్కన 87 శాతం ఊళ్ళో తిరిగే జంతువులే, ఒక్క కుక్కలే 39 శాతం. అంటే అది వస్తున్నది మన కోసం కాదు, కుక్కల కోసం, ఆ కుక్కలేమో మనం పారేసిన చెత్త తిని బతుకుతున్నాయి. ఈ ముక్క ఆ మెసేజ్‌లో ఎక్కడా ఉండదు, ఎందుకంటే ఇది చెప్తే చెత్త సంగతి మనమే చూసుకోవాల్సి వస్తుంది.

రక్తం రుచి మరగడం గురించి. మళ్ళీ మళ్ళీ మనుషుల మీద పడే జంతువులు అరుదుగా ఉంటాయి, అలాంటిదాన్ని పట్టాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ దానికి కారణం రుచి అనడానికి ఆధారం ఏదీ లేదు. 1907లో వేటగాడు జిమ్ కార్బెట్ కాల్చిన, ఎందరినో చంపిన చంపావత్ ఆడపులికి పాత తుపాకీ దెబ్బ వల్ల ఒక పక్క కోరలు విరిగిపోయి ఉన్నాయి, 1898లో ఆఫ్రికాలోని కెన్యా దేశంలో సావో అనే చోట మనుషుల్ని చంపిన రెండు సింహాల్లో ఒకదానికి పంటి దగ్గర పెద్ద చీముగడ్డ ఉంది. మామూలు వేట చెయ్యలేని స్థితి అది.

ఇక అసలు విషయం, పట్టి అడవిలో వదిలెయ్యడం. అన్నిట్లోకీ ఎక్కువ నష్టం చేసేది ఇదే. అడవి అంటే ఖాళీ స్థలం కాదండీ, అక్కడ ముందే వేరే చిరుతలు హద్దులు పెట్టుకుని ఉంటాయి, కొత్తగా దింపినదాన్ని నిలవనివ్వవు, అది బోనులో పడ్డ బెదురుతో, తెలియని చోట, ఎక్కడ ఏ ఊరుందో తెలియకుండా సొంత చోటు వెతుక్కుంటూ నడుస్తుంది, ఇక్కడ దాని జాగా ఖాళీ అయింది కాబట్టి ఇంకోటి వచ్చి చేరుతుంది. మహారాష్ట్రలోనే జున్నర్ ప్రాంతంలో 2001 నుంచి 2003 దాకా 29 చిరుతల్ని పట్టి దగ్గర్లోని అడవుల్లో వదిలారు. అంతకుముందు ఏడాదికి సగటున 4 దాడులు జరిగేవి, ఆ తర్వాత 17 అయ్యాయి, దాడుల్లో మనిషి చనిపోయినవి 18 శాతం నుంచి 36 శాతానికి పెరిగాయి. జనాన్ని కాపాడటానికి చేసిన పని ఎక్కువమందిని చంపింది! వదిలిన చోట అది ఉండిపోదనడానికి ఇంకో ఉదాహరణ, 2009లో బావిలో పడ్డ ఒక చిరుతని బయటికి తీసి, ఎక్కడికెళ్తోందో తెలిసేలా మెడకి జీపీఎస్ కాలర్ కట్టి మాల్షేజ్ ఘాట్ దగ్గర వదిలితే, అది రైల్వే స్టేషన్ పక్క నుంచి, హైవే దాటి, వసాయ్ క్రీక్ అనే సముద్రపు పాయ ఈదుకుంటూ దాదాపు 120 కిలోమీటర్లు నడిచి ముంబై పక్కనున్న సంజయ్ గాంధీ నేషనల్ పార్క్‌కి చేరింది, దారిలో ఎవర్నీ ఏమీ చెయ్యలేదు. ఇవన్నీ చూశాకే కేంద్ర పర్యావరణ శాఖ 2011లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇలా తీసుకెళ్ళి వదలడం వద్దని చెప్పింది.

మరి ఏం చెయ్యమంటారు అని అడిగేవాళ్ళకి అమెరికాలో యోసెమిటీ నేషనల్ పార్క్ ఉంది. అక్కడ ఎలుగుబంట్లు తిండి వాసనకి కార్లు చీల్చేసేవి, 1998లో ఒక్క ఏడాదే 1,500 పైగా ఘటనలు. తిండిని ఎలుగు తెరవలేని ఇనప పెట్టెల్లో పెట్టాలని రూల్ పెట్టి గట్టిగా అమలు చేస్తే తర్వాతి ఏళ్ళలో 90 శాతానికి పైగా తగ్గాయి. ఇక్కడా అంతే, ముందు చెత్త సంగతి చూసుకోవాలి.

మత్తు ఇంజక్షన్: సూది తగలగానే పడిపోదు, 5 నుంచి 15 నిమిషాలు పడుతుంది, ఈలోపు చుట్టూ జనం అరుస్తుంటే ఎటు దారి దొరికితే అటు దూకుతుంది. 2016 ఫిబ్రవరిలో బెంగళూరులో ఒక స్కూల్లోకి చిరుత దూరింది, ఆదివారం కాబట్టి పిల్లలు లేరు, పట్టుకోవడానికి దాదాపు 10 గంటలు పట్టింది, గాయపడ్డవాళ్ళలో వన్యప్రాణి శాస్త్రవేత్త ఒకరున్నారు. అంత తెలిసినవాళ్ళకే అలా అయితే ఫోన్ పట్టుకుని వీడియో తీసేవాళ్ళ సంగతేంటి? ఇంట్లోకి దూరితే బయట నుంచి తలుపేసి ఫారెస్ట్ వాళ్ళకి ఫోన్ చెయ్యాలి. ఆరుబయట ఉంటే దానికి దారి వదిలి జనాన్ని పంపించెయ్యాలి, చీకటి పడ్డాక చాలాసార్లు అదే పోతుంది.

పరుగు తియ్యమనడం. పరుగుల వీరుడు ఉసేన్ బోల్ట్ వేగమే గట్టిగా గంటకి 44 కిలోమీటర్లు, చిరుత 55 దాటుతుంది, పైగా పరిగెత్తేదాన్ని తరమడం దాని నైజం. వీపు చూపించకుండా, వంగకుండా, పిల్లలుంటే ఎత్తుకుని, గట్టిగా మాట్లాడుతూ మెల్లగా వెనక్కి జరగాలి.

చివరికి ఎలుగుబంటి. ఇద్దరు స్నేహితుల కథ అందరికీ తెలిసిందే, దూరంగా కనబడగానే ఊపిరి బిగపట్టి పడుకుంటే చాలనుకుంటారు. అది చాలా తప్పు, కనబడ్డప్పుడు నెమ్మదిగా తప్పుకోవాలి. మీద పడ్డాక మాత్రమే, అదీ మన ఎలుగుబంటి విషయంలో, బోర్లా పడుకుని రెండు చేతుల వేళ్ళూ పెనవేసి మెడ వెనక పెట్టుకోవాలి, ఎందుకంటే అది ముఖం మీదా తల మీదా దెబ్బ తీస్తుంది. అమెరికా నల్ల ఎలుగైతే అక్కడివాళ్ళు పడుకోవద్దు, ఎదురు తిరిగి కొట్టమని చెప్తారు. బోర్లా పడుకున్నాక అది వదిలేసినట్టు అనిపించినా వెంటనే లేవకూడదు, కదిలితే మళ్ళీ వస్తుంది, పూర్తిగా వెళ్ళిపోయిందని తెలిశాకే లేవాలి.