కోనసీమ ఉక్కలో ప్రైమర్ ఆరదన్నది నిజం కాదు

భీమవరం నుంచి కాకినాడ దాకా మినియేచర్లకు (బోర్డు ఆటల చిన్న బొమ్మలకు) రంగులేసేవాళ్ల ఫోన్లలో ఒక సలహా తెగ తిరుగుతోంది. డ్రెడ్‌బాల్ లాంటి సైన్స్ ఫిక్షన్ క్రీడల బోర్డు ఆట కొనుక్కుని, బొమ్మలకు కొత్తగా రంగులు మొదలుపెట్టినవాళ్లకు ముందు ఇదే చేరుతోంది. దాని సారాంశం ఇది: "డెల్టా గాలిలో తేమ ఎక్కువ, ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పొర) ఎన్నాళ్లున్నా జిగురుగానే ఉంటుంది. అది మానేసి హార్డ్‌వేర్ షాపు ఎనామెల్ వేయండి. డాబా మీద ఎండలో ఆరబెట్టండి. ఇంత తేమలో వెట్ ప్యాలెట్ (రంగు ఆరిపోకుండా తడిగా ఉంచే పళ్లెం) దండగ. చివర్లో వార్నిష్ మందంగా పట్టించండి. టీము మొత్తానికి ఒకటే రంగు చాలు." ఇది నమ్మితే మంచి బొమ్మలు పాడవుతాయి. ఒక్కో మాటా తీసుకుని చూద్దాం.

"తేమ వల్ల ప్రైమర్ జిగురుగా ఉండిపోతుంది."

జిగురు నిజమే, కారణమే తప్పు. బొమ్మ చేతినో కాలినో మెల్లగా వంచి వదలండి. వంగి మళ్లీ వెనక్కి వస్తే అది మెత్తటి పీవీసీ. ఆ మెత్తదనం కోసం అందులో ప్లాస్టిసైజర్ కలుపుతారు. కొన్ని స్ప్రే ప్రైమర్లలోని సాల్వెంట్ (రంగును కరిగించి ఉంచే ద్రవం) దానితో కలిస్తే పొర గట్టిపడదు. వారమైనా వేలికి అంటుతూనే ఉంటుంది. అనుమానం ఉంటే తేల్చుకోవడం తేలికే. అదే డబ్బాతో అదే గంటలో ఒక పీవీసీ బొమ్మ బేసు (బొమ్మ నిలబడే పీట) అడుగునా, ఒక గట్టి ప్లాస్టిక్ ముక్క మీదా కొట్టి మర్నాడు ముట్టుకోండి. గాలిలో తేమ రెండింటికీ ఒకటే. గట్టి ముక్క ఆరి, పీవీసీ అంటుతుంటే తప్పు వాతావరణానిది కాదు.

కాబట్టి మెత్తటి బొమ్మలకు నీళ్ల ఆధారిత ప్రైమర్ బ్రష్‌తో వేయండి. అంతకన్నా ముందు కడగాలి, ఎందుకంటే అచ్చు నుంచి ఊడిరావడానికి పూసిన నూనె పొర బొమ్మ మీద మిగిలి ఉంటుంది. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, పాత టూత్‌బ్రష్‌తో సందుల్లోకి పోయేలా రుద్దండి. తీరం దగ్గరి ఊళ్లలో ఉప్పు బోరు నీళ్లతో కడిగితే, ఆరాక ముఖం మడతల్లో తెల్లటి చార మిగులుతుంది. ఆఖరి కడుగుకీ, రంగు పల్చన చేయడానికీ ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరే వాడండి. ప్రైమర్ రెండు పల్చటి కోట్లు చాలు. చేతికి అరగంటలో ఆరినట్టే అనిపిస్తుంది గానీ పట్టు రావడానికి ఒక రోజు వదలాలి. ముసురు పట్టిన రోజుల్లో సిలికా జెల్ పొట్లాలు వేసిన మూత డబ్బాలో రాత్రంతా ఉంచితే పనైపోతుంది.

ఇప్పటికే జిగురైన బొమ్మను థిన్నర్‌లో ముంచొద్దు, ప్లాస్టిక్కే కరుగుతుంది. నీళ్ల ఆధారిత వార్నిష్ రెండు పల్చటి కోట్లు బ్రష్‌తో వేస్తే చాలావరకు అంటడం ఆగుతుంది. దాని మీద మామూలుగా రంగులు వేసుకోవచ్చు.

తేమతో నిజంగా వచ్చే తంటా ఒకటుంది, దాన్ని ఆ సలహా ప్రస్తావించనే లేదు. స్ప్రేలోని సాల్వెంట్ ఆవిరయ్యేటప్పుడు బొమ్మ ఉపరితలం చల్లబడుతుంది. గాలి బాగా తడిగా ఉంటే అక్కడ చెమ్మ చేరి పొర తెల్లగా మసకబారుతుంది. మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ స్ప్రేలకు ఈ జబ్బు మరీ ఎక్కువ. చవకలో దొరికే తేమ మీటరు ఒకటి గోడకు పెట్టుకుని, 70 శాతం దాటితే స్ప్రే డబ్బా ముట్టుకోకండి. పుష్యమాసం తెల్లవారుజామున మంచు దిగే వేళ వద్దు, పొద్దెక్కి గాలి ఆరాక కొట్టండి. నడివేసవిలో సంగతి తిరగబడుతుంది. మిట్టమధ్యాహ్నం వేడికి రంగు బొమ్మను చేరకముందే గాలిలో ఆరిపోయి, ఉపరితలం గరుకుగా, పొడి చల్లినట్టు తయారవుతుంది. అప్పుడు ఉదయం ఎనిమిదికే ముగించాలి. ఏ కాలమైనా 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం నుంచి చిన్న చిన్న విసుర్లుగా కొట్టాలి. విసురు బొమ్మకు ఇవతల మొదలై అవతల ముగియాలి.

"ఎనామెల్ అయితే ఏ తేమనైనా తట్టుకుంటుంది."

తలుపులకూ కిటికీ ఊచలకూ తట్టుకుంటుంది. ఇక్కడ పొర మందానికి హెల్మెట్ గాట్లు, వేళ్లు, బూటు లేసులు అన్నీ పూడిపోతాయి. పైగా మెత్తటి పీవీసీ మీద ఎనామెల్ కూడా గట్టిపడకుండా అంటుతూ ఉండిపోవచ్చు. అంటే ఏ జబ్బు తప్పించుకోవడానికి ఇది చెప్పారో, ఆ జబ్బే మళ్లీ!

"డాబా మీద ఎండలో పెట్టండి."

వద్దు. వైశాఖపు ఎండలో కాలిన శ్లాబు మీద పీవీసీ ఇంకా మెత్తబడుతుంది. ఒంటికాలి మీద పరిగెత్తే భంగిమలో ఉన్న స్ట్రైకర్ బొమ్మ ముందు చీలమండ దగ్గర వాలిపోతుంది. అలా వాలినదాన్ని సరిచేయొచ్చు. బాగా వేడెక్కి ఇంకా మరగని నీళ్లలో అరనిమిషం ముంచి, కాలు నిటారుగా పట్టుకుని, వెంటనే ఐసు నీళ్లలో పెడితే అలాగే నిలబడుతుంది. అయితే ఈ పని రంగు వేయకముందే చేసుకోవాలి. ఆరబెట్టడానికి నీడ, మెల్లగా కదిలే గాలి చాలు.

"ఇంత తేమలో వెట్ ప్యాలెట్ ఎందుకు?"

నెత్తిన సీలింగ్ ఫ్యాను తిరుగుతోంది కాబట్టి. ఉక్కపోతకు ఫ్యాను అయిదులో పెట్టి కూర్చుంటే, గాలిలో ఎంత తేమున్నా ప్లేటు మీద చుక్క రంగు నిమిషాల్లో తోలు కడుతుంది. మూత డబ్బాలో స్పాంజి, దానిపై బేకింగ్ పేపరు పరిస్తే చాలు. ఇక్కడి వాతావరణానికి నీళ్లు మాత్రం తగ్గించాలి. స్పాంజి నొక్కితే నీళ్లు పైకి తేలకూడదు, లేదంటే రంగు పల్చబడి గాట్లలోకి పారిపోతుంది. మూడు రోజులకోసారి స్పాంజి కడగకపోతే బూజు వాసన వస్తుంది.

"వార్నిష్ మందంగా వేస్తే చెమట చేతులకు తట్టుకుంటుంది."

ఆటలో బొమ్మను పదేపదే పట్టుకుని జరుపుతాం కాబట్టి రక్షణ కావాల్సిందే, కానీ అది మందంతో రాదు. మందపు మ్యాట్ పొర గుంటల్లో పేరుకుని తెల్లబడుతుంది. ముందు గ్లాస్ (మెరుపునిచ్చే) వార్నిష్ ఒక పల్చటి కోటు వేయండి, మర్నాడు మ్యాట్ ఒక పల్చటి కోటు. జెర్సీ నంబర్లు డెకాల్‌తో (అంటించే పల్చటి స్టిక్కర్‌తో) పెట్టేట్టయితే గ్లాస్ కోటు మీదే పెట్టాలి, మ్యాట్ మీద పెడితే అడుగున గాలి చిక్కుకుని అంచులు వెండిలా మెరుస్తాయి. హెల్మెట్ అద్దానికి అన్నీ అయ్యాక మళ్లీ ఒక చుక్క గ్లాస్. స్ప్రేతో ఇప్పటికే తెల్లబడిన బొమ్మ ఉంటే పారేయకండి, దాని మీద గ్లాస్ కోటు వేస్తే చాలాసార్లు రంగు తిరిగొస్తుంది.

"టీము మొత్తానికి ఒకటే రంగు చాలు."

మాంటిక్ గేమ్స్ 2012లో తెచ్చిన డ్రెడ్‌బాల్‌నే తీసుకోండి. పిచ్ మీద ఒక్కో టీముకు ఆరుగురు. స్ట్రైకర్లు బంతి పట్టి విసురుతారు గానీ ఎదుటివాణ్ని గుద్దలేరు. గార్డులు గుద్దుతారు గానీ బంతి ముట్టలేరు. జాక్‌లు రెండూ చేస్తారు. ఎవరు ఎవరో బల్ల అవతల నుంచి ఒక్క చూపులో తెలియకపోతే ప్రతి ఎత్తుకూ ఆట ఆగుతుంది. జెర్సీ, కవచం టీము రంగుల్లో ఒకేలా ఉండనివ్వండి. భుజం పలక మీద మాత్రం మూడో రంగుతో గుర్తు పెట్టండి: స్ట్రైకర్‌కు ఒక గీత, జాక్‌కు రెండు, గార్డుకు పలకంతా. టీము రంగు పసుపైతే నల్ల ప్రైమర్ మీద నేరుగా వేయకండి, నాలుగు కోట్లు వేసినా మురికి ఆకుపచ్చగానే కనిపిస్తుంది. ముందు లేత గోధుమరంగు ఒక కోటు, దానిపై పసుపు రెండు పల్చటి కోట్లు.

బొమ్మ ఎటు చూస్తోందన్నది కూడా ఈ ఆటలో లెక్కే, ఆరు పక్కల గడిలో నిలబడ్డ బొమ్మకు ముందున్న మూడు గళ్లకూ వెనకున్న వాటికీ తేడా ఉంటుంది. మెలి తిరిగిన భంగిమలో ఉన్న ఆటగాడి ముఖం ఒకవైపు, నడుము ఒకవైపు ఉంటే వాదన తప్పదు. బేసు అంచుకు ముందు నలుపు వేసి, పూర్తిగా ఆరనిచ్చి, ముందువైపు మూడు పక్కల మేర తెల్ల గీత గీయండి. వేళ్లు ఎక్కువగా తగిలేది ఆ అంచుకే కాబట్టి గ్లాస్ వార్నిష్ అక్కడ మాత్రం రెండు కోట్లు వేయండి.