నిద్రతో తీరని అలసట

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు దగ్గరి బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం ప్రాంతాల తెలుగు ఇళ్లలో డిగ్రీ, పీజీ చదివే పిల్లలు పుస్తకం మూసేసి ముసుగుతన్నితే పెద్దలు వెంటనే బద్ధకం అనేస్తారు. బద్ధకస్తుడికి ఆదివారం హాయిగా గడుస్తుంది. వీళ్లకు అదీ గడవదు.

ఒత్తిడి ముదిరి, నిద్రపోయినా తీరని ఈ అలసటను బర్నౌట్ అంటారు. ఉద్యోగుల్లో దాన్ని కొలవడానికి మనస్తత్వవేత్తలు క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ 1981లో ఒక ప్రశ్నావళి ప్రచురించారు. పరిశోధకుడు షౌఫెలి బృందం 2002లో ఆ ప్రశ్నావళిని విద్యార్థులకు తగినట్టు మార్చింది. అది చూసేవి మూడు: సత్తువ హరించుకుపోవడం, చదువుపై ఏవగింపు, నా వల్ల కాదన్న భావన. మనవాళ్లకు మొదటిదే కనబడుతుంది. నాలుగు రోజులు ఇంటికొచ్చి కడుపునిండా తిని పడుకోమంటారు. నా దృష్టిలో అసలు ప్రమాదం రెండోది. ఇష్టపడి చేరిన సబ్జెక్టునే ‘ఎందుకొచ్చిన చదువు’ అని ఈసడించుకునే విద్యార్థికి పొగరనుకుంటాం. నిజానికి దెబ్బ తగలకుండా చదువు నుంచి మనసును దూరం జరుపుకుంటున్నాడు.

చదివే గంటలు పెరగడం ఒక్కటే దీనికి కారణం కాదు. పనిభారం ఎక్కువై, దానిపై తన పట్టు తక్కువైనచోట ఒత్తిడి ముదురుతుందని పరిశోధకుడు రాబర్ట్ కరాసెక్ 1979లో ఉద్యోగుల గురించి చెప్పాడు. సరిహద్దు విద్యార్థికి ఆ మాట ఇంకా బాగా అతుకుతుంది. ఇంట్లో తెలుగు, బయట ఒడియా, పాఠ్యపుస్తకంలో ఇంగ్లీషు. ఒడిశా ప్రభుత్వోద్యోగానికి ఒడియా వచ్చి తీరాలి. సరిహద్దు దాటి ఇచ్ఛాపురం చేరితే ఆంధ్ర. అక్కడ స్థానికత ప్రధానంగా చదివిన ఏళ్లను బట్టి తేలుతుంది. ఎంత చదివినా ఏ ఒడ్డుకు చేరతాడో తెలియనివాడికి ‘కష్టపడు’ అన్న సలహా ఏం పనికొస్తుంది?

దీనికి పోలిక తోడవుతుంది. ఊళ్లో ఫస్టు వచ్చిన అమ్మాయి యూనివర్సిటీలో అడుగుపెడితే చుట్టూ అందరూ ఫస్టులే. ఆమె తెలివి తగ్గలేదు, కొలబద్ద మారింది. చుట్టూ ఉన్నవారి స్థాయిని బట్టే విద్యార్థి తనను తాను అంచనా వేసుకుంటాడని మనస్తత్వవేత్త హెర్బర్ట్ మార్ష్ పరిశోధనలు చూపాయి. ఇంటికి వస్తే విశాఖలో ఉన్న మేనమామ కొడుకు జీతం ప్రస్తావన సరేసరి.

కాలేజీలు ఏడాదికోసారి పెట్టించే వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాలతో ఒరిగేది తక్కువ. సెమినార్ అంశం విద్యార్థినే ఎంచుకోనివ్వడం, పరీక్షకు ముందే తప్పులు చెప్పడం, ఇవి వాళ్ల చేతికి కొంత పట్టునిస్తాయి. ఖర్చు లేని పనులు కాబట్టేనేమో, ఎవరూ పట్టించుకోరు.

నిరాశ వారాల తరబడి వదలకపోతే అది బర్నౌట్‌ను దాటిన సంగతి కావచ్చు. అప్పుడు డాక్టర్‌ను కలవాలి. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్‌కు 14416 నంబరులో ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.