కోల్‌బ్రెల్లిని బతికించిన పెట్టె

మన తెలుగు సంఘం ఉగాది వాలీబాల్ పోటీల్లో ఒకాయన కోర్టు మధ్యలో కుప్పకూలితే, క్షణంలో యాభైమంది చుట్టూ మూగారు. ఒకరు మొహాన నీళ్లు చల్లారు, ఒకరు అరికాళ్లు రుద్దారు, ఇంకొకరు గుప్పిట్లో తాళంచెవులు పెట్టారు. జిమ్ గోడకున్న ఏఈడీ పెట్టె, అంటే ఆగిన గుండెకు షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్, దాని జోలికి మాత్రం ఎవరూ పోలేదు. పొద్దుట్నించీ ఏమీ తినక వచ్చిన నీరసమని తర్వాత తేలింది. గుండె ఆగి ఉంటే ఆయన మనకు దక్కేవారు కాదు.

మనలో సైకిల్ తొక్కేవాళ్లంతా సోనీ కోల్‌బ్రెల్లి వీడియోను ఇప్పటికీ పంచుకుంటారు. 2021 అక్టోబర్ 3, ఫ్రాన్స్‌లో జరిగే పారిస్-రూబే సైకిల్ పందెం. 2002 తర్వాత వానలో జరిగిన మొదటి రూబే అదే. ఆ పందేనికి తొలిసారి వచ్చిన ఈ ఇటలీవాడు చివరి పరుగులో వెర్మీర్ష్‌నూ, వాన్ డెర్ పూల్‌నూ దాటేశాడు. నిలువెల్లా బురదతో గడ్డిమీద పడి ఏడ్చాడు, సైకిల్‌ను తలపైకెత్తి కేకపెట్టాడు. ఆ అభిమానం న్యాయమైనదే. కానీ ఆ కథలో మనకు పనికొచ్చే భాగం ఆర్నెల్ల తర్వాతది.

2022 మార్చి 21న స్పెయిన్‌లోని కాటలోనియా సైకిల్ పందెం తొలి దశలో రెండోస్థానంలో గీత దాటి కూలిపోయాడు. వయసు 31. అక్కడికక్కడే ఛాతీ నొక్కి, డీఫిబ్రిలేటర్‌తో షాక్ ఇవ్వబట్టి బతికాడు. తర్వాత అతని ఒంట్లో చిన్న డీఫిబ్రిలేటర్ అమర్చారు. అలా అమర్చుకున్నవాళ్లను ఇటలీ నిబంధనలు పోటీలకు ఒప్పుకోవు. ఆ ఏడాదే రిటైరయ్యాడు.

పిలిస్తే పలకడం లేదు, ఊపిరి మామూలుగా లేదు అంటే గుండె ఆగిందనే అనుకోవాలి. అప్పుడప్పుడూ ఎగశ్వాసలా నోరు తెరిచి గుటకలేస్తుంటే “ఊపిరుంది” అని ఆగిపోతాం. అందరూ పొరబడేది ఇక్కడే. ఒకరు అత్యవసర నంబరు 911కి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాలి. హాలు అద్దెకు తీసుకున్న మనవాళ్లలో చాలామందికి దాని అడ్రసు నోటికి రాదు, కాబట్టి తలుపు మీద రాసి అంటించాలి. ఇంకొకరు ఏఈడీకి పరుగెత్తాలి. మూడోవారు రొమ్ము ఎముక కింది సగం మీద అరచేతి మడమ ఆనించి, మోచేతులు వంచకుండా, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. రెండు నిమిషాలకే చేతులు పడిపోతాయి, లోతు తగ్గిపోతుంది, మనిషి మారాలి. షాక్ ఆలస్యమయ్యే ప్రతి నిమిషానికీ, ఛాతీ నొక్కేవాళ్లు లేకపోతే, బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తరిగిపోతుంది.

ఏఈడీ మూత తీయగానే ఏం చేయాలో అదే చెబుతుంది. చెమట తుడిచి, ఒక ప్యాడ్ కుడి కాలరెముక కింద, రెండోది ఎడమ చంక కింద పక్కటెముకల మీద అతికించాలి. పడిపోయింది ఆడమనిషైతే మనవాళ్ల చేతులు వెనక్కిపోతాయి. చుట్టూ చీర అడ్డం పట్టండి, జాకెట్టు కత్తిరించండి, మంగళసూత్రం పక్కకు జరపండి. ఆ నిమిషంలో మర్యాద అంటే అదే.

అరికాళ్లు రుద్దినవాళ్లను తప్పుపట్టడం లేదు. ఎవరు పడ్డా చుట్టాల్లా పరుగెత్తుకొచ్చే గుణం మన ఆస్తి. ఆ చేతులకు పని నేర్పమనే మన సంఘం కార్యవర్గానికి నా విన్నపం. దసరా కార్యక్రమంలో జ్యోతి ప్రజ్వలన అవగానే ఇరవై నిమిషాలు బొమ్మ మీద ఛాతీ నొక్కడం నేర్పించండి. హాలు మాట్లాడుకునే రోజే ఏఈడీ ఎక్కడుందో, తాళం వేసి ఉందా, ప్యాడ్‌ల గడువు తేదీ దాటిందా అని చూసి, ఆ చోటును ఆహ్వానపత్రం వెనక అచ్చు వేయించండి.