సవరణ: మల్టీకోర్ స్కోరు భాగహారం తప్పు
ప్రాసెసర్ వేగ పరీక్షల్లో కోర్లన్నీ (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు) కలిసి తెచ్చే మల్టీకోర్ స్కోరును, ఒక్క కోర్ తెచ్చే సింగిల్‌కోర్ స్కోరుతో భాగిస్తే కోర్ల సంఖ్య రావాలని, రాకపోతే ప్రాసెసర్‌లో లోపమేనని మొన్న రాశాం. అది తప్పు. గీక్‌బెంచ్ 6 అనే వేగ పరీక్ష యాప్‌లో మల్టీకోర్ పరీక్షప్పుడు కోర్లన్నీ ఒకే పనిని పంచుకుంటాయి. ఒకదాని కోసం ఇంకొకటి ఆగాల్సి వస్తుంది కాబట్టి, ఎనిమిది కోర్లున్నా స్కోరు ఎనిమిది రెట్లు అవదు.

ఇంకో పొరపాటు, ఇది పెద్దదే: గీక్‌బెంచ్ 5 స్కోరు పక్కన గీక్‌బెంచ్ 6 స్కోరు పెట్టి పోల్చాం. ఐదులో కొలమానం ఇంటెల్ ప్రాసెసర్ కోర్ ఐ3-8100కి 1000, ఆరులో కోర్ ఐ7-12700కి 2500. తూకపురాళ్లే వేరు.

బెజవాడ మే ఎండలో, ఏసీ లేని గదిలో ల్యాప్‌టాప్‌పై సినీబెంచ్ ఆర్23 అనే మరో వేగ పరీక్షను పది నిమిషాలు నడిపితే వేడికి క్లాక్ స్పీడ్ (ప్రాసెసర్ నడిచే వేగం) పడిపోయి మల్టీకోర్ స్కోరు తగ్గుతుంది. సింగిల్‌కోర్ అంతగా తగ్గదు. ఛార్జర్ పెట్టే పరీక్షించండి.