బానెట్‌కు అటువైపు ఎవరు?

కృష్ణానదికి అడ్డంగా 1855 నాటికే ఆనకట్ట నిలబెట్టిన ఊరు విజయవాడ. అటువంటి ఊళ్లో ఒక కారు బానెట్‌ను అటువైపు పట్టుకోవడానికి మనిషి దొరకడం లేదంటే, దాన్ని ఎవరో ఒక గృహస్థు సొంత గొడవగా కొట్టిపారేయలేము. పాలకులు, మేధావులు, అపార్టుమెంటు సంఘాల కార్యదర్శులు ఉమ్మడిగా తలపట్టుకోవలసిన సమస్య ఇది.

బెంజి సర్కిల్ దగ్గర ముందున్న ఆటో వెనక్కి జరిగి బానెట్ ముక్కు నొక్కేసిందనుకోండి. బండి మొత్తాన్ని షెడ్డులో వదిలితే ఎన్నాళ్లు పడుతుందో దేవుడికే తెలియాలి. బానెట్ ఒక్కటే ఊడదీసి మరో ఆటోలో వేసుకుని ఆటోనగర్‌లో టింకరింగుకు ఇచ్చి, తెచ్చి బిగించుకుంటే ఖర్చు తగ్గుతుందని మధ్యతరగతి బుర్రకు తోస్తుంది. నొక్కిందీ ఆటోయే, మోసేదీ ఆటోయే. చాలా కార్లలో బానెట్‌ను పట్టి ఉంచేవి మడతబందుకు రెండేసి చొప్పున నాలుగు బోల్టులే. పది నంబరు పానాకో పన్నెండు నంబరుకో లొంగుతాయి. ఆటోనగర్ ఉన్న ఊళ్లో ఇంట్లో బానెట్ విప్పడం తిరుపతిలో ఉంటూ లడ్డూలు వండుకోవడం వంటిదని ఆక్షేపించేవారూ ఉన్నారు. వారి సంగతి అలా ఉంచుదాం.

ఆదివారం ఉదయం సెల్లారులో పానా చప్పుడు వినగానే జనం దిగివస్తారు. మొదటి అంతస్తు పెద్దాయన "ఏమిటండీ, బ్యాటరీనా?" అని అడుగుతారు. కాదండీ, బానెట్ అని విన్నవించినా బ్యాటరీ గురించే మాట్లాడతారు. విశ్రాంత ఇంజనీరుగారు తాము ఉద్యోగంలో ఉండగా డ్యాము గేట్లు ఎలా దించారో వివరిస్తారు. ఎదురింటివారి అల్లుడుగారు ఫోనులో వీడియో తెరిచి, అందులో ఉన్నది మన దేశంలో అమ్మని కారైనా సరే, "బాబాయిగారూ, ముందు ఇది చూడండి" అంటారు. వాచ్‌మన్ ఒక్కడే ఏమీ అనడు. అతడికి ఈ పని తెలుసు, అందుకే కాసేపటికి కనబడకుండా పోతాడు.

ఇన్ని మాటల్లో చెప్పవలసిన మాట మాత్రం ఎవరూ చెప్పరు. అద్దం మీదికి నీళ్లు చిమ్మే సన్నని గొట్టం చాలా బండ్లలో బానెట్ లోపలి నుంచే పాకుతుంది. దాన్ని ముందే ఊడదీయకపోతే తెగుతుంది. బోల్టులు వదులు చేసేముందు మడతబందు అంచు వెంట పెన్సిలుతో గీత గీసుకోవాలి. తిరిగి బిగించే రోజున ఆ గీతే దిక్కు. ఇక బానెట్ మోయలేనంత బరువేమీ ఉండదు, ఒక్కడి చేతులకు అందనంత వెడల్పు మాత్రం ఉంటుంది. చివరి బోల్టు ఊడగానే వెనక మూల జారి నేరుగా ముందు అద్దం మీదికే వస్తుంది. బానెట్‌ను ఎత్తి నిలిపే కడ్డీ ఉంది కదా అని ధీమా పడితే, మడతబందులు వదిలాక ఆ కడ్డీ ఎవరి పక్షమూ వహించదు. కనుక అటొకరు, ఇటొకరు తప్పనిసరి.

"ఒక్క చెయ్యి వేస్తారా?" అని అడిగి చూడండి. పెద్దాయనకు నడుము పట్టేస్తుంది. ఇంజనీరుగారికి పూజ వేళ అవుతుంది. అల్లుడుగారిని అడగడం మర్యాద కాదు.

సంఘం నిబంధనల్లో ఒక సవరణ తేవాలని నా మనవి. సలహా ఇవ్వదలచినవారు ముందుగా బానెట్ అంచు పట్టుకోవాలి, పట్టుకున్నంతసేపే మాట్లాడాలి. బండిని రోహిణి కార్తె ఎండలో నిలిపి ఈ సవరణ అమలు చేస్తే ఉపన్యాసాలు ఒక్క వాక్యానికి కుదించుకుపోతాయి.

బిగింపు మరింత సున్నితం. బోల్టులను ముందు చేత్తోనే తిప్పి, గీతకు సరిపెట్టి, బానెట్‌ను నెమ్మదిగా దించి చూడాలి. కొక్కెం గాడిలో పడుతోందో లేదో చూడకుండా దబ్బున వేస్తే మళ్లీ తెరుచుకోకపోవచ్చు. బానెట్ అంచుల వెంట సందులు సరిచూసుకున్నాకే పానాతో బిగించాలి. లోపల మీట లాగాక కూడా బానెట్‌ను ఆపి ఉంచే రెండో కొక్కెం ఒకటుంటుంది. మొదటిది సరిగా పడక, అదీ పట్టకపోతే కనకదుర్గ వారధి మీద వేగంగా వెళ్తుండగా బానెట్ లేచి అద్దాన్ని కప్పేస్తుంది. ఈ ఒక్క విషయంలో నేను పరిహాసమాడడం లేదు.

అంతా అయ్యాక సలహాదారులు మళ్లీ గుమిగూడతారు. ఎడమ సందు నాలుగు మిల్లీమీటర్లు, కుడి ముందు మూల ఆరు. బోల్టులు వదులు చేసి ఇంకోసారి సర్దితే సరిపోయేదే, కానీ అందుకు మళ్లీ రెండో మనిషి కావాలి. పూజ ముగించుకుని వచ్చిన ఇంజనీరుగారు, బండి ఉత్తర ముఖంగా ఉంది కనుక ఈశాన్యం పెరిగిందని, శుభమని తేలుస్తారు. బందరు రోడ్డెక్కి తూర్పుకు తిరిగితే అదే మూల ఆగ్నేయమవుతుందని పెద్దాయన అభ్యంతరం చెబుతారు. బండి బయటికి తీయవచ్చా లేదా అన్నది ప్రస్తుతం సంఘం పరిశీలనలో ఉంది.