ఉండపాకం, పలకని ఫోను

మా వంటింటి కిటికీకీ పక్కవాళ్ళ వంటింటి కిటికీకీ మధ్య మూడడుగుల సందు. ఈ మాత్రం దూరమైతే వాళ్ళింట్లో పోపు వేస్తే మా ఇంట్లో తుమ్ములొస్తాయి. కాబట్టి భోగికి ముందురోజు పొద్దున్నే కాకినాడలో జరిగిన ఈ గొడవ నేను చెవులు రిక్కించి విన్నదేం కాదు, వినకుండా ఉండటం కుదరక విన్నది. పేర్లు మాత్రం మార్చాను, ఎందుకంటే ఆవిడ చేసే అరిసెలు ఏటా మా ఇంటికి కూడా వస్తాయి, ఆ దారి మూసుకోవడం నాకిష్టం లేదు.

పొయ్యి మీద ఇత్తడి గిన్నెలో బెల్లం పాకం ఉడుకుతోంది. కామేశ్వరి గారికి ఒక చేతిలో తెడ్డు, రెండో చేతికి మోచేతి దాకా తడి పిండి. ఫోను ఆవాల డబ్బాకి జేరబడి నిలబడింది. సూర్యారావు గారు బనీను, లుంగీ, చెవుల కిందికి లాగిన మంకీ క్యాపు. పైన బనీనుకి చలి లేదు, నెత్తికి మాత్రం హిమాలయాలు. చొక్కా తలుపు వెనక మేకుకి వేలాడుతోంది.

కామేశ్వరి: ఓకే గూగుల్... ఓకే గూగుల్... ఓకే గూగులమ్మా! ఏంటండీ ఇది, నిన్న సాయంత్రం నుంచీ నోరు విప్పట్లేదు?

సూర్యారావు: ఆఁ?

కామేశ్వరి: ఫోను పలకట్లేదంటున్నాను. అమ్మాయి వాళ్ళెక్కిన గౌతమి సామర్లకోట వచ్చిందో లేదో ఫోన్ చేసి కనుక్కుందామంటే నా చేతులు చూశారుగా, ఇలా ఉన్నాయి. దాన్ని కలపమంటే అది కలపదు.

సూర్యారావు: అమ్మా అని బుజ్జగిస్తే ఎలా పలుకుతుందే? దానికి నేర్పిన మాట నేర్పినట్టే అనాలి. పోయినసారి మనవరాలు నీ చేత అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పించి నీ గొంతు గుర్తుపెట్టుకునేలా చేసింది కదా, అందులో అమ్మా, బంగారం ఏమీ లేవు.

కామేశ్వరి: పని చేసిపెట్టేదాన్ని ఉత్త పేరు పెట్టి పిలవడానికి నాకు మనసొప్పదు.

సూర్యారావు: నన్ను పిలిచేటప్పుడు ఈ మర్యాదంతా ఎక్కడికి పోతుందో.

కామేశ్వరి: మీరు పని చేసిపెట్టిన రోజు చూద్దాం లెండి. ముందు ఆ గూట్లోంచి బెల్లం అందుకోండి, చాలేలా లేదు.

(ఆయన చకచకా వెళ్ళారు. వీధి తలుపు తీసిన చప్పుడు. కాసేపాగి వేసిన చప్పుడు.)

సూర్యారావు: ఎవరూ లేరే!

కామేశ్వరి: ఎవరుండాలి?

సూర్యారావు: బెల్లు మోగిందన్నావుగా.

కామేశ్వరి: బెల్లం అన్నానండీ, బెల్లం! అనకాపల్లి బెల్లం! ముప్పై ఎనిమిది వేలు పోసి నిన్ననే కదా చెవులకి మిషన్లు కొన్నాం? పెట్టుకునే ఉన్నారా?

సూర్యారావు: ఉన్నాను, ఉన్నాను. కొత్తవి కదా, అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుందని ఆ కుర్రాడే చెప్పాడు.

(అంటూ మంకీ క్యాపు ఇంకో అంగుళం కిందికి లాగారు. నాకు అక్కడే అనుమానం రావాల్సింది, కానీ పాకం వాసన అలాంటిది.)

కామేశ్వరి: ఏదో కుయ్‌మంటోంది, వినబడుతోందా? ఎలకపిల్ల దూరినట్టుంది.

సూర్యారావు: ఎలక్షన్లు ఇప్పుడెక్కడివే?

కామేశ్వరి: సరే, వదిలేయండి. ఈ ఫోను సంగతి తేల్చండి. కిందటి రాత్రి ఆపి మళ్ళీ వేశాను కూడా, లాభం లేకపోయింది.

ఇక్కడొక మాట చెప్పాలి. సూర్యారావు గారు ఇరిగేషన్‌లో ముప్పై మూడేళ్ళు చేసి రిటైరయ్యారు. ఆయనకి లోకంలో ఏది చెడిపోయినా కాలవలాగే కనిపిస్తుంది. కుళాయి కారినా, మోటారు ఆగినా, అల్లుడు అలిగినా ఒకటే పద్ధతి.

సూర్యారావు: చూడు కామూ. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తి చేసిన దగ్గర్నుంచీ డెల్టాలో ఉన్న సూత్రం ఇదే. శివారు చేనుకి నీళ్ళు రాలేదని చేలో నిలబడి ఏడిస్తే రావు. ఆనకట్ట దగ్గర నీళ్ళున్నాయా, కాలవలోకి వదిలారా, తూము తెరిచారా, పై నుంచి ఒక్కొక్కటీ చూసుకుంటూ రావాలి. అన్నీ బాగుండి కూడా నీళ్ళు రాలేదంటే మధ్యలో ఎవడో దొంగ తూము పెట్టుకున్నట్టు లెక్క.

కామేశ్వరి: పాకం ముదిరిపోతోందండీ!

సూర్యారావు: పాపం ముదిరిందా? ఎవరిది?

కామేశ్వరి: మీదే! త్వరగా చూడండి. మైకులో పిండి పోయిందేమో.

సూర్యారావు: మైదాపిండా? అరిసెల్లో మైదా వేస్తున్నావా? మా అమ్మ బతికుంటే...

కామేశ్వరి: మైకండీ, మైకు! మాట వినే బెజ్జం!

సూర్యారావు: ఓ, మైకా. సరే, ఆ పిన్నీసు ఇటివ్వు.

(ఇచ్చింది. నేను కిటికీలోంచి వద్దని అరుద్దామనుకున్నాను గానీ అప్పటికే ఆలస్యమైపోయింది. ఆయన కనిపించిన మొదటి బెజ్జంలో పిన్నీసు గుచ్చారు. టక్‌మని ఫోను పక్కనుంచి నాలుక బయటపెట్టింది.)

కామేశ్వరి: అయ్యయ్యో, ఏదో ఊడొచ్చింది!

సూర్యారావు: కంగారు పడకు. ఇది సిమ్ము ట్రే. సిమ్ము తీసే బెజ్జం ఇది, మైకుది కాదు. మైకుది అడుగున, ఛార్జింగ్ తీగ పెట్టే చోటు పక్కన ఉంటుంది, ఇంకా సన్నగా. మంచిదైంది, అందులో గానీ పిన్నీసు పెట్టుంటే లోపల మైకే చిల్లు పడేది. పాత పళ్ళ బ్రష్షు ఏదైనా ఉందా, మెత్తగా అరిగిపోయింది?

కామేశ్వరి: మీదే ఉంది. మూడేళ్ళుగా అదేగా వాడుతున్నారు.

(బ్రష్షుతో దులిపారు. నిజంగానే చిటికెడు బియ్యప్పిండి రాలింది. సిమ్ము ట్రే లోపలికి తోశారు. ఇద్దరూ ఫోను వైపు ఆశగా చూశారు.)

కామేశ్వరి: ఓకే గూగుల్!

(ఏమీ లేదు.)

కామేశ్వరి: పిలిస్తే పలకదు, చూస్తే బాగానే ఉంటుంది. ముమ్మూర్తులా మీలాగే తయారైంది.

సూర్యారావు: ఆగు, ఆగు. ఈ బ్యాటరీ బొమ్మ మీద ఈ గుర్తేంటి? పొదుపులో పెట్టావా?

కామేశ్వరి: పెట్టాను. పద్నాలుగు శాతమే ఉంది. అమ్మాయి వాళ్ళు వచ్చేదాకా ఆగాలి కదా అని.

సూర్యారావు: అదీ సంగతి! పొదుపులో పెడితే ఫోను ముందు ఇలాంటి పనులే మానేస్తుంది. మనం పిలుస్తామేమో అని ఎప్పుడూ ఒక చెవి ఇటు పడేసి కూచోవాలంటే దానికీ కరెంటు ఖర్చు కాదూ? ఇదిగో, తీసేశాను. ఛార్జరు కూడా పెట్టాను. ఇప్పుడు పిలువు, అమ్మా లేకుండా.

కామేశ్వరి: ఓకే గూగుల్! కాకినాడలో ఇప్పుడు చలి ఎంత?

(నిశ్శబ్దం. కుయ్.)

కామేశ్వరి: చూశారా? ఏం లాభం?

సూర్యారావు: లేదే, ఇటు చూడు. పైన మూల పచ్చచుక్క వెలిగింది. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచీ ఏ యాప్ మైకు వాడినా ఆ చుక్క వెలుగుతుంది. అంటే విన్నది! ఇదిగో, కింద రాసింది కూడా, పంతొమ్మిది డిగ్రీలట. నీకు కనపడలేదా?

కామేశ్వరి: కళ్ళజోడు నిండా ఆవిరి పట్టి నాకు మీరే సరిగ్గా కనపడట్లేదు, డిగ్రీలెక్కడ కనపడతాయి? నాకు చెవిన పడాలి గానీ.

సూర్యారావు: అయితే ఆనకట్టలో నీళ్ళున్నాయి. నెట్టు ఉంది కాబట్టి కాలవా బాగానే ఉంది. సమాధానం ఫోను దాకా వచ్చింది. ఇక మిగిలింది తూమే. సౌండు తగ్గిపోయి ఉంటుంది. (పక్కనున్న బటన్ నొక్కుతూ) ఇదిగో... పెంచాను... ఇంకా పెంచాను... మొత్తం పెంచేశాను. మళ్ళీ అడుగు.

కామేశ్వరి: ఓకే గూగుల్, కాకినాడలో ఇప్పుడు చలి ఎంత?

(ఈసారి నాకు కూడా వినబడింది. రేకు డబ్బాలో బంధించిన చీమ మాట్లాడినట్టు, సన్నగా, మర్యాదగా, తలుపు వెనకనుంచి: "ప్రస్తుతం కాకినాడలో పంతొమ్మిది డిగ్రీలు." కామేశ్వరి గారి చేతిలో తెడ్డు ఆగిపోయింది.)

కామేశ్వరి: ఏమండీ... మీ చొక్కా మాట్లాడిందండీ.

సూర్యారావు: మాసిందా? మొన్ననే తొడిగాను. పోనీ సాయంత్రం ఉతుక్కుంటాలే.

కామేశ్వరి: మాసింది కాదు, మాట్లాడింది! డిగ్రీలు చెప్పింది!

సూర్యారావు: డిగ్రీ ఎవరికొచ్చింది?

ఆవిడ ఇంకేమీ అనలేదు. పొయ్యి తగ్గించి, చేతులు కొంగుకి తుడుచుకుని, తలుపు వెనక్కి వెళ్ళి, చొక్కా జేబులో రెండు వేళ్ళు పెట్టి చిక్కుడుగింజలంత మిషన్లు రెండు బయటికి తీసింది. వేళ్ళ మధ్య పట్టుకోగానే కుయ్యిమన్నాయి. ఎలకపిల్ల దొరికింది. తర్వాత నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి ఆయన మంకీ క్యాపు ఒక్క లాగు లాగింది. రెండు చెవులూ పుట్టిన రోజెలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

కామేశ్వరి: (ఒక మిషను ఆయన చెవిలో దోపి) ఇప్పుడు వినబడుతోందా?

సూర్యారావు: అబ్బా! మెల్లిగా!

కామేశ్వరి: ఎప్పుడు తీశారు?

సూర్యారావు: పొద్దున లేవగానే. నా మాట విను కామూ, అవి పెట్టుకుంటే పేపరు పేజీ తిప్పినా పిడుగు పడ్డట్టుంది. మిక్సీ వేస్తే ప్లాట్‌ఫారం మీద రైలొచ్చినట్టుంది. కుక్కరు కూతకి కాకినాడ పోర్టులో ఓడ గుర్తొచ్చింది. ఇక నువ్వయితే...

కామేశ్వరి: నేనయితే?

సూర్యారావు: నువ్వు... మామూలుగానే ఉన్నావు.

కామేశ్వరి: తీసినవాళ్ళు ఆపెయ్యనైనా లేదు.

సూర్యారావు: ఆపడమెలాగో ఆ కుర్రాడు చెప్పాడు గానీ అప్పుడు నాకు మిషను లేదు కదా, సరిగ్గా వినబడలేదు.

కామేశ్వరి: ఆ బ్యాటరీ మూత తెరిస్తే ఆగుతాయండీ, నాకు వినబడింది! అదీగాక మీది బటన్ల ఫోనని చెప్పి, ఈ మిషన్ల సౌండు సరిచేసే యాప్ నా ఫోన్లో వేశాడు. బ్లూటూత్‌తో దీనికే కలిపాడు. నిన్న సాయంత్రం! ఇప్పుడు అర్థమైందా, నిన్న సాయంత్రం నుంచీ ఇది ఎందుకు మూగబోయిందో? ఇది మూగబోలేదు. పొదుపులో పెట్టకముందు రాత్రంతా నేనడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పే ఉంటుంది, ఆ చెప్పేదేదో మీ చెవుల్లోకి పోయింది. మీరేమో నాకు చెప్పలేదు!

సూర్యారావు: రాత్రి ఎవరో ఆడమనిషి చెవిలో పంచాంగం చదివినట్టుంది. కొత్త మిషను కదా, అలాగే ఉంటుందేమోననుకున్నాను.

కామేశ్వరి: దొంగ తూము ఎవడు పెట్టాడో దొరికాడు.

(సూర్యారావు గారు ముప్పై మూడేళ్ళ సర్వీసులో ఎంతమంది రైతుల ముందు ఈ మాట అన్నారో తెలీదు. తన మీదికి వచ్చినప్పుడు మాత్రం నేలచూపులు చూశారు.)

కామేశ్వరి: ఓకే గూగుల్, అమ్మాయికి ఫోన్ కలుపు.

(ఆవిడ చేతిలో ఉన్న రెండో మిషను చెవి దగ్గర పెట్టుకుంది, బుట్టకమ్మ కొలత చూసుకుంటున్నట్టు.)

కామేశ్వరి: ఆఁ, చెప్పవే... సామర్లకోట దాటారా? ఇంకెంత, వచ్చేసినట్టే... లేదే, గొంతు బాగానే ఉంది, మీ నాన్న చెవి పట్టుకుని మాట్లాడుతున్నాను... వచ్చాక చెబుతాలే. అయ్యో, పాకం!

పాకం సంగతి అప్పుడు గుర్తొచ్చింది ఇద్దరికీ. నాక్కూడా. పళ్ళెంలో నీళ్ళు పోసి రెండు చుక్కలు వేసి చూసింది ఆవిడ. ఉండపాకం అంటే ఆ చుక్క వేళ్ళ మధ్య మెత్తటి గోలీలా కూడుకోవాలి. ఇది పళ్ళెం అంచుకి కొడితే ఠంగుమంది. ఈ పాకంలో పిండి పోస్తే వచ్చేవి అరిసెలు కావు, ధవళేశ్వరం ఆనకట్టకి మరమ్మతు సామాను.

సూర్యారావు: కాసిని నీళ్ళు పోసి మళ్ళీ మరిగిస్తే...

కామేశ్వరి: ఇంత ముదిరాక అది పల్లీల అచ్చులకే. అరిసెలకి మళ్ళీ మొదట్నుంచీ పెట్టుకోవాల్సిందే. మీ అల్లుడు స్టేషన్లో దిగేలోపు!

సూర్యారావు: సరే, ముందు ఈ బ్లూటూత్ ఆపేస్తాను. ఒక్క నొక్కు నొక్కితే చాలు, ఫోను మళ్ళీ నీతోనే మాట్లాడుతుంది.

కామేశ్వరి: ఆగండి.

సూర్యారావు: ఏం?

కామేశ్వరి: ఆపకండి. ఆ రెండోది కూడా పెట్టుకోండి. ఊఁ, అలాగే. క్యాపు తీసి అక్కడ పెట్టండి. ఇవాళ సాయంత్రం దాకా ఇలాగే ఉండనిద్దాం. నేను దాన్ని అడుగుతాను, అది మీ చెవిలో చెబుతుంది, మీరు నాకు చెప్పండి.

సూర్యారావు: ఇదేం పద్ధతే?

కామేశ్వరి: అలవాటు పడాలని ఆ కుర్రాడే కదా చెప్పాడు? ఓకే గూగుల్, టైమెంత?

సూర్యారావు: ...ఏడుంబావు.

కామేశ్వరి: గట్టిగా.

సూర్యారావు: ఏడుంబావు!

కామేశ్వరి: ఓకే గూగుల్, కొత్త పాకానికి బెల్లం దంచేది ఎవరు?

(చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఈ ప్రశ్నకి అది ఏం జవాబిచ్చిందో ఆయనకే తెలియాలి. ఏమీ అర్థం కాలేదని చెప్పే ఉంటుంది.)

సూర్యారావు: నేనేనట.